మూడు కుదరదు

విజయనగరం జంక్షన్. చివరి ప్లాట్‌ఫాం.
రాయగడ పాసింజరు గంటన్నర లేటు.
సంచిలో దిద్దాల్సిన పీజీ పేపర్లు నలభై రెండు,
సగానికి సగంలో ఒకటే వాక్యం:
"అనంత సమూహాన్ని ఎక్కడైనా చీల్చవచ్చు."

ఎక్కడైనా కాదర్రా.
కళింగపట్నం కాడ సముద్రంలోంచి
బిందెడు నీళ్లు తోడండి, పోనీ ఊరంత మేర తోడండి,
ఆ గుంట చుట్టూ తిరిగొచ్చి
నీళ్లు నీళ్లని కలుసుకుంటాయి.
దానికున్నది ఒకటే కొస.
పట్టా అలా కాదు. మూరెడు ముక్క తీసేస్తే
అటు అనంతం అటే, ఇటు అనంతం ఇటే.

ఇదంతా గచ్చు మీద సుద్దతో గీసుకుంటున్నాను.
ఠంగ్. నాలుగడుగులు. ఠంగ్.
పట్టాని సుత్తితో పలకరించుకుంటూ వచ్చి
కీమేన్ మజ్జి పోలినాయుడు
నా గీతల మీద టార్చి వేశాడు.

"మరి మా జంక్షనుకి మూడు కొసలు గదండీ మేస్టారూ?
ఇశాపట్నం ఒకటి, పలాస ఒకటి, రాయగడ ఒకటీని."

మూడు కుదరదు, అన్నాను.
సున్నా కుదురుతుంది. ఒకటి, రెండు.
అక్కడితో వేళ్ల లెక్క సరి.
సమూహంలో పెద్ద టేసను, చిన్న టేసను ఉండవు నాయుడూ,
గరివిడిలో దిగి చూసినా
ఇక్కడ నించుని చూసినట్టే ఉండాలి.

సుత్తి భుజానికెత్తుకుని
పట్టాలు విడిపోయే చోటుకేసి చూస్తూ ఉండిపోయాడు.
టీ కుర్రాడు వచ్చాడు, వెళ్లాడు.

"అలాగైతే గరివిడీ జంక్షనే.
నెల్లిమర్లా జంక్షనే, చీపురుపల్లీని.
పెతీ కొమ్మకీ మల్లీ కొమ్మలు...
ఓలమ్మ! మరింకెక్కడాగుద్దండీ?"

ఆగదు.
ఆ ఒక్క మాట దగ్గరికి
క్లాసుని తీసుకురావడానికి నాకు మూడు వారాలు పట్టింది.

అప్పుడు అసలు సంగతి చెప్పాను.
కొసలు ఒకటి కంటే ఎక్కువున్నాయంటే
లోపలెక్కడో చిన్న అతుకు ఉన్నట్టే,
లెక్కకి అందే ఉపసమూహం. అంతా విడిపోయేది దాని మీదే:
రెండు గోనెలు ఒక్క కుట్టు మీద కలిసినట్టో,
లుంగీ తన అంచుకి తానే కుట్టుకున్నట్టో.

"ఉన్నట్టే అంటే? చూసేరా?"
లేదు. ఉందని రుజువుంది.
"ఎక్కడుందో?"
వెతుక్కోవాలి.

నవ్వేడు. నా పని నవ్వులాటగా ఉందని కాదు,
తన పనిలాగే ఉందని.
కిందికి దిగి ఫిష్‌ప్లేటు మీద టార్చి వేశాడు.
నాలుగంటే నాలుగు బోల్టులు.
"ఇయ్యి వదులైతే హౌరా హౌరాయే, మద్రాసు మద్రాసే."
నా చేతిలో సుద్ద అడిగి తీసుకుని
మూడో బోల్టు పక్కన అడ్డగీత పెట్టుకున్నాడు.

గజపతినగరం దాటాక మొదటి పేపరు తీశాను.
"ఎక్కడైనా" కొట్టేసి
"ఎక్కడో ఒకచోట, అదీ కొన్నిటినే" అని రాశాను.
బండి కుదుపుకి అక్షరాలు వంకరపోయాయి.
సుద్దముక్క ఆయన దగ్గరే ఉండిపోయింది.