గోతియే గొంతు

కృష్ణానగర్‌లో టిఫిన్ సెంటర్ పక్క మెట్లు దిగితే
నేలకింద ఒక గది.
మైకులో గురక పడుతుందని ఏసీ ఆపేస్తారు.
చెమట కారుతూ అక్కడ
పదకొండు రోజులుగా నేను ఫ్రెంచి సేనానిని.

అంతకుముందు విలన్ పక్కన నిలబడేవాడి గొంతును,
"సరే అన్నా" తప్ప
ఇరవై ఏళ్లలో చెప్పిందేమీ లేదు.

పేరు గోతియే.
పేరులోనే గోతి పెట్టుకుని పుట్టాడని
మొదటిరోజు అందరం నవ్వాం.
ఎనిమిది వందల ఏళ్ల కిందటి మనిషి,
ఇనప గొలుసుల చొక్కా, దానిమీద ఎర్రగుడ్డ శిలువ,
ఎడమ చెంప మీద మానని పుండు.
దేవుడి ఊరు గెలుస్తానని ఓడెక్కి
దారిలో తగిలిన ఊళ్లన్నీ గెలుస్తుంటాడు.

మాటలు రాసే వరాహమూర్తిగారికి
చరిత్ర అక్కర్లేదు, పెదాలు కావాలి.
పెదాలు కలిసే చోట ప, బ, మ పడాలి.
దేవుడు కోరాడని అతను అరిచే చోట
నోరు సగం తెరుచుకుని ఆగుతుంది.
"దైవాజ్ఞ" అన్నాం, చాల్లేదు.
"ఇది దైవాజ్ఞ" అన్నాం, మిగిలింది.
చివరికి దేవుణ్ణి తీసేసి ఉట్టి అరుపు పెట్టాం.
సరిగ్గా సరిపోయింది.

ఏడో భాగం.
సముద్రం పక్కన ఓ కోట, దాని పేరు నాకు నోరు తిరగదు.
నలభై రోజులుగా లోపల నీళ్లు లేవు.
గోతియే గుర్రం దిగి, చేతి తొడుగు విప్పి,
ఉత్త అరచెయ్యి చూపిస్తాడు:
"మా పరోల్."
పెరోలంటే నాకు తెలిసింది చర్లపల్లి.
మా బాబాయి పదిహేను రోజులకని ఇంటికొచ్చి
మంచం అంచునే కూర్చుని వెళ్లిపోవడం.
కాదట. వాళ్ల భాషలో అది మాట, ఇచ్చే మాట.
"మా మాట" అన్నాను,
దొరలు మేము అనే కదా అంటారు.
రెండు మలూ పెదాల మీద అచ్చంగా పడ్డాయి.
అద్దం వెనక ఇలియాస్ బొటనవేలు ఎత్తాడు.
పదకొండు రోజుల్లో ఒక్క టేకులో ఓకే అయింది అదొక్కటే.

తలుపు తీసే ముసలమ్మకి నుజ్హత్ గొంతు.
ఆమెది గుంపు పని, షిఫ్టుకి తొమ్మిది వందలు.
"పిల్లలకి నీళ్లు పోయించు నాయనా" అని గడియ తీసింది.
తర్వాత ఆ ముసలమ్మ చావూ ఆమెదే,
చంకలో పిల్లాడిదీ,
బావి దగ్గర ముగ్గురివీ,
తెర బయట ఎవరిదో, కనిపించనిదీ.
ఒక్కోదానికి ఒక్కో ఊపిరి దాచుకుని వాడింది.
మధ్యలో దగ్గొస్తే
"ఉంచెయ్, బాగుంది" అన్నాడు ఇలియాస్.

ఆ సీన్లో నాకు డైలాగు లేదు.
గోతియే గుర్రమ్మీంచి చూస్తుంటాడంతే.
ఒకచోట గుటక వేస్తాడు.
మైకు దగ్గరికెళ్లి మింగాను.
"ఎక్కువైంది, జాలిలా ఉంది" అన్నారు మూర్తిగారు.
మళ్లీ మింగాను.
నాలుగోసారికి దాహంలాగా వచ్చింది.

రాత్రి తొమ్మిదింటికి పైకొచ్చాం.
వాన పడి ఆగింది, బజ్జీల బండి దగ్గర జనం.
చెప్పుల్లో కాలు పెడుతూ నుజ్హత్ అడిగింది:
"మూడు షిఫ్టుల పైసలు ఆగినయ్ అన్నా,
కోఆర్డినేటర్ నీ మాటైతే ఇంటడు. జర చెప్తవా?"
"రేపు ఇప్పిస్తా" అన్నాను.
అక్కడితో ఆగితే పోయేది.
అలవాటైన గొంతు, ఛాతీ అడుగునుంచి
దానంతటదే వచ్చింది: "మా మాట."
అరచెయ్యి కూడా లేచింది.

ఇద్దరం నవ్వాం.
ముందు ఆమె ఆపింది.
దుపట్టా తలమీదికి లాక్కుని
బోరబండ ఆటోలో ఒక కాలు పెట్టి అంది:
"ఈసారి దర్వాజ తియ్యనన్నా."

ఆటో పోయింది.
చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాను.
రేపు పన్నెండో రోజు.
ఎనిమిదో భాగంలో ఇంకో కోట ఉంది.