మంచి కాలు

మూడు లాంతర్ల దగ్గర, పెళ్లి ఊరేగింపులో
ఎడమ ముందుకాలు కుంటిందట.
"ఏటయిందో సూడండమ్మా," అన్నాడు సన్నాసప్పడు.

మడమ పైన, వేలికి తగిలే నరం పక్కన
సూది. పది నిమిషాలు.
పెన్ను మొనతో పొడిచాను, కాలు తియ్యలేదు.
"నడిపించు."

ఆస్పత్రి సిమెంటు మీద
నాలుగు గిట్టలూ ఒక్క తాళంలో పడతాయనుకున్నా.
కుడికాలు ఆనినప్పుడల్లా
తల పైకెగిరింది.
"అదేటమ్మా, అది మంచి కాలు కదా!"

మంచి కాలు లేదు, అప్పడూ.
ఎడమది అంతలా అరుస్తుంటే
కుడిది ఇన్నాళ్లూ నోరెత్తలేదు.

వేళ్ల మీద ముహూర్తాలు లెక్కపెట్టుకున్నాడు.
"ఈ రేత్రికి... రెండిటికీ ఏసీండమ్మా."

సూదుల పెట్టె మూశాను.
జూలులో నిన్నటి జరీదారం
ఇంకా మెరుస్తోంది.