పలకని పి

కోఠి ఫుట్‌పాత్ మీద నూటయాభై చెప్పిండు.
అట్ట ఊడింది చూపెడితే ఎనభైకి ఇచ్చిండు.

నాకంటె ముందు ఎవరిదో ఈ డిక్షనరీ.
ఏ నుంచి ఎల్ దాకా పెన్సిల్ గీతలు,
పక్కన చీమలసొంటి తెలుగు.
ఎల్ తర్వాత ఒక్క గీత లేదు.
కొలువొచ్చిందో, యాష్టకొచ్చిందో.

నేను ఉస్మానియా దవఖానల ఆయాను.
నాకొచ్చిన ఇంగ్లీషంతా వార్డుల ఏరుకున్నదే:
సెలైన్, స్ట్రెచర్, సీరియస్, బెడ్ ఖాళీ లేదు.
రాత్రి మూడు గంటలకు
దగ్గులు సల్లవడ్డంక
స్టూలు మీద కూసొని ఒక్కో మాట దేవులాడుత.
'అడ్మిట్' కాడ ఆ చేతిరాత: తప్పు ఒప్పుకొనుట.
ఇన్నేండ్ల సంది ఎంతమందితోని ఒప్పిచ్చిన్నో అని
నాలో నేనే నవ్వుకున్న.

మొన్న నిమోనియా కోసం
ఎన్ మొత్తం తిప్పిన. లేదు.
రోజుకు పదిసార్లు ఇనే మాట,
బుక్కుల ఎట్ల లేదు?
సుగుణమేరి సిస్టర్ సూదికి మూత పెట్టుకుంట అన్నది:
"పి ల చూడు. ముంగట పి ఉంటది, పలకదు."

దొరికింది.
అన్నిటికంటె ముంగట నిలవడి
నోరు తెరవని అక్షరం.
అది తీసేస్తె మాటే తప్పంట.

తెల్లారగట్ల నుంచి ఓపీ లైన్ల మొదట నిలవడ్డ
నాగర్‌కర్నూల్ ముసలామె యాదికొచ్చింది.
డాక్టర్ ఏమైందంటె
చీటీ చాపింది, అంతే.

పెన్సిల్ లేదు.
టెంపరేచర్ చార్టు కాడి ఎర్ర పెన్నుతోని
పి కింద గీత కొట్టిన.
వంకరొచ్చింది.
పదకొండో బెడ్డు మూలుగుతున్నది.
పేజీల ఇంత దూది పెట్టి
లేచిన.