పగలు రొయ్యలు, రాత్రి మేము

నరసాపురం రేవులో పంటు ఎక్కేసరికే
డ్రమ్ములకి ఐసుపెట్టెల వాసన పట్టేసింది.
బండి అబ్బులుగాడి మేనమామది.
పగలు రొయ్యలు, రాత్రి మేము.

డ్రమ్ములు దయామణి చర్చిలో అడిగి తెచ్చింది,
ఆదివారం ఆరాధనకి తెచ్చి పెట్టేస్తానని
పాస్టరుగారికి మాటిచ్చి.
నా బేసుకి మూడే తీగలు.
నాలుగోది పాలకొల్లులో తెగింది.
దాని చోటు వదిలేసి వాయించడం
మలికిపురంలో అలవాటైంది.

గొంతు ఏడుకొండలుది. పదహారేళ్ళు.
ఇంకా పగులుతూనే ఉంది.
అదే మా పాటకి మంచిదని
ఎవరం పైకి అనలేదు.

అంతర్వేదిపాలెంలో రెండో పాట సగంలో కరెంటు పోయింది.
అబ్బులుగాడి గిటారు నోరు పడిపోయింది.
జనం లేచారు.
చీకట్లో, గట్ల అవతల,
జనరేటరు మీద చెరువుల ఏరేటర్లు
తపతపా నీళ్ళు కొడుతున్నాయి.
దయామణి ఒక్క క్షణం చెవి ఒగ్గి
వాటి లెక్కలోకి దిగిపోయింది.

లేచినవాళ్ళు మళ్ళీ కూర్చోలేదు.
వెళ్ళనూ లేదు.

తిరుగు పంటు మీద లెక్క చూసుకున్నాం.
టిక్కెట్లు పోగా నూట నలభై.
తీగా, పకోడీలా?
వశిష్ఠ మీద తెల్లారుతోంది,
తొమ్మిదింటికి డ్రమ్ములు చర్చిలో ఉండాలి.
పొట్లం నూనె నా వేళ్ళ మీద,
మూడు తీగల మీద.