ఏడో రీలు

డబ్బా మూత తీయకముందే తెలిసిపోతుంది.
పావోంబోంగ్‌లో మా అమ్మ
నీపా కల్లును జాడీల్లో పులియబెట్టి అమ్మేది.
ఎన్నో రోజు పులుపో
వాసన పట్టి చెప్పే ముక్కు నాది.
ఈ ఉద్యోగం నీకు కాదు, నీ ముక్కుకిచ్చారని
మాంగ్ సెబ్యో నవ్వేవాడు.

క్వెజోన్ సిటీలో మాది రెండు ఏసీలున్న గది.
ఒకటి పనిచేస్తుంది.
తుపాను రాత్రి కరెంటు పోతే
అదీ లేదు.

ఫిల్మంటే మంటల్లో పోతుందనుకుంటారు అందరూ.
అది పాత తరం చావు.
ఈ ఎసిటేట్‌ది పులుపు చావు.
తన పులుపు తానే పీల్చి ఇంకా పులుస్తుంది,
పక్క రీలుకూ అంటిస్తుంది.
మనుషుల్లోనూ చూశాను అలాంటివాళ్లని.

ప్రతి డబ్బాలో ఒక నీలం కాగితం ముక్క పెడతాం.
ఆకుపచ్చకు తిరిగితే తొందరపడాలి.
పసుపెక్కితే,
ఇక్కడ పసుపు శుభం కాదు.

ఏడో రీలులో కాగితం నిమ్మపండు రంగు.
అంచులు ఎండిన వడియంలా వంకర్లు తిరిగి
ఒంటినిండా ఉప్పు పేరినట్టు తెల్ల పొడి.
నూటికి రెండు పాళ్లు కుంచించుకుపోయింది.
పళ్లచక్రం మీదికి ఎక్కిస్తే ముక్కలే.

ఆ రీలు కోసమే వచ్చింది లోలా ఆంబ్రోసియా.
చేపల సంతలో హీరో పరుగెత్తే సీను.
వెనక బుట్టతో దాటిపోయే పిల్ల తనేనట.
తొమ్మిది సెకన్లు.
అరవై ఏళ్లుగా వీధంతా చెప్పుకున్న తొమ్మిది సెకన్లు.

అంటే రెండు వందల పదహారు బొమ్మలు.
ఒక్కోదాన్నీ గాజుపలకల మధ్య అదిమి
ఫొటో తీయడానికి నెల పట్టింది.
నూట ముప్పై ఒకటి దక్కాయి.
మిగతావాటిలో పొర ఊడిపోయి
చేపలూ ఆకాశమూ ఒకటే మడ్డి.

తెర మీద వేశాం.
పిల్ల నడిచింది, ఆగింది,
ఉన్నట్టుండి నాలుగడుగులు అవతల తేలింది.
ముఖం ఉండాల్సిన చోట చెద తిన్న మచ్చ.
లోలా ఇంకోసారి వేయమంది.
ఇంకోసారి.

"బుట్ట ఎడమ నడుం మీదుంది," అంది.
"నాకు ఎడమవైపు ఎత్తుకోవడం రాదు.
అది మా అక్క."

ఒకే తాను గుడ్డతో కుట్టిన గౌన్లలో
ఇద్దరూ వెళ్లారట ఆ రోజు.
రెండు పేసోలు, ఒక పూట భోజనం.
అక్క పోయాక
ఏ ఏడు, ఎవరికి చెబుతూ చెబుతూ
ఆ బుట్ట తన నడుం మీదికి మారిందో
ఆమెకే గుర్తులేదు.

"పేరు రాసుకుంటారా?"

రిజిస్టరు తీశాను.
సంతలో నడిచినవాళ్లకి మా దగ్గర గడి లేదు.
'స్థితి' కింద, 'పులుపు, కుంచింపు' పక్కన
కాస్త జాగా ఉంటే
కలిక్స్తా అని రాశాను.

రీలును విడిగా చుట్టి
పనిచేసే ఏసీ ఎదురుగా పెట్టాం.
చల్లదనం బతికించదు.
ఆలస్యం చేస్తుంది, అంతే.

చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగాను.
ఆ రాత్రి అన్నం
పుల్లగానే ఉంది.