మాట అందించే మనిషి

మస్కట్ కురుమ్‌లో, కొడుకింట్లో,
సిగ్నె మేడమ్‌కి ఆఖరి మూడేళ్ళూ నేనే కాళ్ళు.
వాళ్ళ ఊళ్ళో ఆమెను చూస్తే ట్రామ్ ఆగేదట.
ఇక్కడ మాత్రలు మింగనని మారాం.

పొద్దువాలితే ఏసీ ఆపమనేది,
చప్పట్లు వినబడవని.
పరదా లాగమనేది.
గొంతు లేచేది.
వంటింట్లో తాలింపు మాడినా కదిలేదాన్ని కాదు.

ఒక్క ముక్క అర్థం కాదు.
ఎక్కడ ఊపిరి తీస్తుందో తెలుసు,
ఎక్కడ తడబడుతుందో.
అక్కడ నేనే అందించేదాన్ని
రాజోలు యాసలో, ఆ మంచుదేశపు మాటని.
‘ఊఁ’ అని అందుకునేది, రాణిలా.

మొన్న పెట్టెలో విమానమెక్కింది.
అక్కడ జెండా దించారట.

శుక్రవారం అంట్లు తోముతూ
మొత్తం అప్పజెప్పాను.
ఆమె తడబడే చోట
నేనూ ఆగాను,
కావాలనే.
కుళాయి కట్టేసి.