మిగిలిన ముక్క

నాది నకలు చెయ్యి అని
పదకొండేండ్లుగ నాకు నేనే చెప్పుకున్న.
షార్జా రోలాల దుకాణం,
కారే ఏసీ కింద నా మిషిన్.
ఉస్తాద్ రఫాకత్ గీస్తడు, నేను కుడత.
నల్ల అబాయా మీద వెండి జరీ
ఆయన గీత దాటి గింజంత పోలేదు ఎన్నడు.

ఎవరన్న మంచిగున్నదంటె
"నాదేం లేదు, గీత ఉస్తాద్‌ది" అనుడు అలవాటు.
అబద్ధం కాదు. అయినా
చెప్పంగ చెప్పంగ
బతాకా మీది ఫోటో లెక్క
అదే నా మొఖమైంది.

మొన్న నీళ్లు కారి కాగితం తడిసింది.
ఎడమ చెయ్యి డిజైన్ కొట్టుకపోయింది.
ఉస్తాద్ సియాల్‌కోట్‌ల, తమ్ముని పెండ్లిల. ఫోన్ ఎత్తడు.
మాపటికి డెలివరీ.

నాతోని కాదు అని నేనంటున్న,
చెయ్యి ఇంటలేదు.
అమ్మ బీడీలకు తునికాకు కత్తిరిస్తుంటె
చాటల నుంచి కింద పడే ముక్కలు,
ఒక దిక్కు కత్తెర గీసిన సాపు అంచు,
ఒక దిక్కు ఆకు తనంతట తాను పెరిగిన వంపు.
చిన్నప్పుడు వాటిని ఏరి గచ్చు మీద పేర్చేటోణ్ణి.
ఎవలూ వద్దనలేదు. ఎవలూ చూడనూ లేదు.

ఆ వంపే వచ్చి మోచేతి కాడ కూసుంది.

కుట్టిచ్చుకున్నామె రెండు చేతులూ పక్కపక్కన పెట్టి
ఎడమదాని మీద వేలు ఆపింది.
"ఇది ఎవరిది?"
నోట్లె పాత మాట తయారుగనే ఉంది:
"ఉస్తాద్‌ది."

రాత్రి రూముల, పై బెడ్డు మీద,
పాలడబ్బా అట్ట చింపి పెన్సిల్ పట్టిన.
మళ్ల అదే కథ మొదలుపెట్టిన, నాది నకలు అని.
కథ దారి కథది.
అట్ట మీద కుడి చెయ్యికి గూడ
ఒక ముక్క మొలుస్తనే ఉన్నది.